బాత్‌లో చూసిన రోమన్ కంచు గిన్నె: దేవతకి ధార పోసేదా, చేతులు కడుక్కునేదా?

కృష్ణవేణి_బ్రిస్టల్
అందరికీ నమస్తే. మా అత్తయ్యగారు ఏలూరు నుంచి వచ్చి నెలయింది, పోయిన శనివారం ఆవిడని ఇక్కడ ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊరికి తీసుకెళ్లాం, మాకు ట్రైన్‌లో పట్టుమని పావుగంట కూడా పట్టదు. రోమన్లు కట్టిన స్నానశాలలు చూద్దామని వెళ్లాం గానీ ఆవిడ మాత్రం లోపల మ్యూజియంలో ఒక అద్దాల పెట్టె దగ్గరే నిలబడిపోయారు. అందులో ఆ వేడినీళ్ల బుగ్గలోంచి తీసిన గిన్నెలున్నాయి, కొన్ని కంచువి, కొన్ని తగరం సీసం కలిపి పోసినవి. చిన్న మూకుడంత ఉంటాయి, అడుగు చదును, పక్కకి పొడుగ్గా ఒక కాడ. పేరు పటెరా అని, సూలిస్ మినర్వా అనే దేవతకి సమర్పించినవని రాశారు. అత్తయ్యగారు చాలాసేపు చూసి "పూజ గిన్నె అంటున్నారు, మరి ఇంత కాడ ఎందుకమ్మా, పాలు కాచుకునే గిన్నెలా ఉంది" అన్నారు. నాకు జవాబు తెలీలేదు. ఇంటికొచ్చి వెతికితే ఒకచోట దేవుడికి వైన్ ధార పోసేదని ఉంది, ఇంకోచోట చేతులు కడుక్కునేదని ఉంది, మరోచోట వంటగిన్నె అని ఉంది. మూడూ ఒకే ఫొటో కింద. ఎవరికైనా తెలిస్తే వివరంగా చెప్పండి ప్లీజ్, ఆవిడ రోజూ అడుగుతున్నారు.

గోదారోడు
కృష్ణవేణి గారూ మంచి ప్రశ్న, నేను చదువుకున్నది ఆర్కియాలజీయే కాబట్టి తెలిసినంత చెప్తా. అసలు గందరగోళం ఎక్కడొచ్చిందంటే పటెరా అనే ఒక్క పేరుతో రెండు వేరే వేరే సామాన్లని పిలుస్తున్నారు. ఒకటి కాడ లేని, లోతు లేని గిన్నె, సాసర్‌కి కాస్త పెద్దది అనుకోండి. రెండోది మీరు చూసిన కాడ గిన్నె. రోమన్ బొమ్మల్లో పూజ చేసేవాడి చేతిలో ఎక్కువగా కనబడేది మొదటిది.

ఇటలీలో పాంపే అనే పాత రోమన్ ఊళ్లో వెట్టీ వాళ్ల ఇల్లు అని ఉంది, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో మునిగిపోయిన ఇల్లు. ఆ ఇంట్లో గోడకి కట్టిన దేవుడి గూడు ఉంది, మధ్యలో ఇంటి యజమాని జీనియస్, అంటే ఆయన తోడు దైవం అనుకోవచ్చు, తల మీదికి టోగా కప్పుకుని ఉంటాడు, కుడిచేతిలో పటెరా, ఎడమచేతిలో సాంబ్రాణి పెట్టె. రెండు పక్కలా ఇంటిదేవతలు లారెస్ గంతులేస్తున్నట్టు నిలబడి ఉంటారు, కింద ఒక పెద్ద పాము. ఆ పటెరాకి కాడ లేదు, అరచేతిలో పట్టుకున్నాడు.

గ్రీకుల దగ్గర ఇదే గిన్నెకి అడుగున మధ్యలో బొడ్డులాగా ఒక ఉబ్బు ఉంటుంది, కింద నుంచి చూస్తే అది గుంట. నడిమివేళ్లు ఆ గుంటలోకి పోనిచ్చి, బొటనవేలు అంచు మీద వేస్తే ఒక్క చేత్తో గట్టిగా పట్టుంటుంది. అంచు కొంచెం వంచితే చాలు, పల్చగా ధార పడుతుంది.

వేదవతి_తెనాలి
పటెరా... పాత్ర! ఎవరూ గమనించలేదా? మన మాటే అక్కడికి వెళ్లిందన్నమాట. రోమన్లతో మనకి వ్యాపారం ఉండేది కదా, గిన్నెతో పాటు పేరూ వెళ్లుండాలి. చదవగానే ఒళ్లు పులకరించింది నాకు.

మాస్టారు_శ్రీకాకుళం
వేదవతమ్మా, మీ ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తోంది గానీ ఈ రెండు మాటలకీ చుట్టరికం లేదు. సంస్కృతంలో పాత్ర అనేది "పా" అనే ధాతువు నుంచి వచ్చింది, పా అంటే తాగడం, దానికి "త్ర" చేరితే ఆ పని చేసే సాధనం, తాగే సాధనం పాత్ర. నేత్రం, వస్త్రం, శస్త్రం అన్నీ అలా తయారైనవే. లాటిన్‌లో పటెరా వచ్చింది "పటేరె" నుంచి, అంటే తెరుచుకుని ఉండటం, పరుచుకుని ఉండటం. వెడల్పుగా విచ్చుకున్న గిన్నె కాబట్టి పటెరా. ఇంగ్లీషులో పేటెంట్ అంటామే, అది కూడా ఆ పటేరె బిడ్డే, అందరికీ కనబడేలా తెరిచి ఉంచిన పత్రం అని.

కానీ మన పాత్రకి లాటిన్‌లో అసలైన తోడబుట్టినది ఒకటుంది, దాని పేరు పోకులం, తాగే కప్పు. అక్కడా మూలం తాగడమే, మన పాత్రలో "త్ర" ఎక్కడుందో వాళ్ల పోకులంలో "కులం" అక్కడుంది. వినడానికి ఒకలా ఉన్నవి చుట్టాలు కావు, వినడానికి పొంతన లేనివి తోబుట్టువులు. ముప్పై ఏళ్లు ఈ పాఠమే చెప్పాను పిల్లలకి.

వేదవతి_తెనాలి
మాస్టారూ మీరు చెప్పాక కాదనను. కానీ ఒకటి అడుగుతా. పేరు కాకపోయినా ఆ పని, దేవుడికి ధార పోయడం అనే పని, మనదీ వాళ్లదీ ఒకటేగా? దానికైనా ఏమైనా చుట్టరికం ఉందా లేక అదీ నా ఊహేనా?

మాస్టారు_శ్రీకాకుళం
ఊహ కాదమ్మా, అక్కడ మీరు గట్టి నేల మీదే ఉన్నారు. లాటిన్‌లో పోయడానికి మాట "ఫుండో". మనకి "హు" ధాతువు ఉంది, జుహోతి, ఆహుతి, హోమం, హవిస్సు అన్నీ దాన్నించే. ఈ ఫుండో, మన హు, గ్రీకువాళ్ల "ఖేయో" మూడూ ఒకే పాత మూలం నుంచి చీలినవి, ఆ మూలానికి అర్థం పోయడం. అంటే హోమం అన్నప్పుడు మనకి మంట గుర్తొస్తుంది గానీ మాట లోపల ఉన్నది నెయ్యి ధార. వ్యాపారం మొదలవ్వడానికి వేల ఏళ్ల ముందరి సంగతి ఇది, కాబట్టి వాళ్లు మన దగ్గర నేర్చుకున్నారనో మనం వాళ్ల దగ్గర నేర్చుకున్నామనో అనక్కర్లేదు.

వేదవతి_తెనాలి
ఇది నాకు పాత్ర కంటే పెద్ద బహుమతి మాస్టారూ. రాసి పెట్టుకున్నా.

కంచరింటి_అబ్బాయి
నేను చరిత్ర చదవలేదు. మా తాత, నాన్న ఇత్తడి కంచు పని చేసినవాళ్లు, నేను పదోక్లాసు దాకా కొలిమి దగ్గరే పెరిగా. ఈ థ్రెడ్ చూసి నేపుల్స్ మ్యూజియంలో ఉన్న పాంపే కంచు సామాను ఫొటోలు రాత్రి రెండింటి దాకా చూస్తూ కూర్చున్నా. రెండు విషయాలు చెప్పాలనిపించింది.

ఒకటి, ఆ కాడ గిన్నెలని తిరగేస్తే అడుగున చక్రాల్లాగా ఒకదాని లోపల ఒకటి గుండ్రంగా గట్లు ఉంటాయి, నడిబొడ్డున చిన్న చుక్క. అది అలంకారం కోసం చెక్కింది మాత్రమే కాదు. గిన్నెని ముందు పోత పోసి, తర్వాత దాన్ని తిప్పుతూ ఉలి ఆనించి లోపలా బయటా చివ్వినట్టు ఆ గీతలు చెప్తాయి. నడుమ ఉన్న చుక్క గిన్నెని బిగించిన చోటు. లోహం పల్చన చేస్తూనే అక్కడక్కడా గట్టు వదిలేస్తే అడుగు వంగిపోదు, బరువూ తగ్గుతుంది. మా నాన్న కూడా గిన్నె చేతిలోకి తీసుకుంటే ముందు అడుగే చూసేవాడు, పనివాడి చెయ్యి అడుగున తెలుస్తుందిరా అనేవాడు.

రెండోది, లోపలివైపు తెల్లగా ఉండటం. చాలా గిన్నెల్లో అది ఇంకా మిగిలే ఉంది. అది కళాయి! మనం ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచాలంటే కళాయి వేయించాల్సిందే కదా, లేకపోతే చిలుము పట్టి పులుసు విషమవుతుంది. వైన్ కూడా పుల్లటిదే, రాగి కలిసిన లోహంలో ఊరకే వదిలేస్తే అదే గతి. వాళ్లూ తగరం పూసుకున్నారు. మా వీధిలోకి కళాయి వేసే సాయిబు వచ్చేవాడు, గిన్నె బొగ్గుల మీద ఎర్రగా కాక ముందే పట్టి చూసి, నవాసాగరం పొడి చల్లేవాడు, గుప్పున తెల్లటి పొగ, ఆ వాసన ముక్కుకి ఎక్కేది, వెంటనే తగరం ముక్క ఆనించి గుడ్డతో ఒక్క చుట్టు తుడిచేసరికి అద్దంలా మెరిసేది. రెండు వేల ఏళ్ల కిందటి గిన్నె లోపల ఆ తెలుపు చూసేసరికి నాకు ఆ పొగ వాసన వచ్చినట్టయింది, నిజంగా.

కృష్ణవేణి_బ్రిస్టల్
కంచరింటి అబ్బాయి గారూ, మీ పోస్టు అత్తయ్యగారికి చదివి వినిపించా. కళాయి మాట వినగానే ఆవిడ లేచి కూర్చుని "మా పుట్టింట్లో దీపావళికి ముందు అన్ని గిన్నెలకీ వేయించేవాళ్లం" అని గంటసేపు చెప్పారు. థాంక్స్ అండీ.

హైదరాబాదీ_వినయ్
అందరూ ఎమోషనల్ అవుతున్నారు కానీ అసలు ప్రశ్నకి ఎవరూ రాలేదు. కాడ ఉన్న గిన్నె చేతులు కడుక్కోవడానికే అని నా అభిప్రాయం, దానికి గట్టి ఆధారం ఉంది. జర్మనీలో హన్స్ ఉల్‌రిచ్ నూబర్ అనే ఆయన 1972లో దీని మీదే పెద్ద స్టడీ చేశాడు. ఈ కాడ గిన్నెలు, ముఖ్యంగా కాడ గుండ్రంగా గీతలు గీతలుగా ఉండి చివర పొట్టేలు తలతో ఉండేవి, ఒంటరిగా కాకుండా ఒక కంచు కూజాతో జంటగా దొరుకుతాయి. సమాధుల్లో పక్కపక్కనే పెట్టారు. కూజాతో నీళ్లు పోస్తే కింద గిన్నె పట్టుకోవాలి, అతిథి చేతులు కడుక్కుంటాడు, నీళ్లు గిన్నెలో పడతాయి. పక్కన నిలబడి పట్టుకునే నౌకరుకి కాడ కావాలి. లాజిక్ సరిపోయింది. ధార పోయడానికి పొట్టేలు తల కాడ ఎందుకు? మ్యూజియాల వాళ్లు పాత అలవాటు కొద్దీ పటెరా అని రాసేస్తున్నారు అంతే.

గోదారోడు
వినయ్ గారూ, జంట సంగతి నిజమే, నూబర్ వాదన చాలామంది ఒప్పుకున్నారు, నేనూ ఒప్పుకుంటా. కానీ "అంతే" అనే మాట దగ్గర ఆగుతా. ఇంగ్లండ్ ఉత్తరాన రోమన్లు సరిహద్దుకి కట్టిన హేడ్రియన్ గోడ వెంబడి సైనికులు నిలబెట్టిన రాతి బలిపీఠాలు చాలా ఉన్నాయి. ముందువైపు దేవుడి పేరు, మొక్కుకున్నవాడి పేరు. పక్కకి వెళ్లి చూడండి, ఒక పక్క కూజా, రెండో పక్క పటెరా చెక్కి ఉంటాయి. ఆ పటెరాకి చాలాసార్లు కాడ ఉంటుంది! చేతులు కడుక్కునే సామాను అయితే బలిపీఠం మీదకి ఎందుకొచ్చింది?

హైదరాబాదీ_వినయ్
అది చెక్కినవాడికి తేడా తెలియక అయ్యుండొచ్చు కదా. లేదా అందంగా ఉంటుందని. రోమ్‌లో ఆరా పాసిస్ అనే పెద్ద బలిపీఠం లోపలి గోడల మీద ఎద్దు పుర్రెలు, పూలదండలు, వాటి పైన పటెరాలు చెక్కారు, వెస్పాసియన్ గుడి మీద కూడా కూజా, పటెరా, కత్తి, గొడ్డలి అన్నీ వరసగా డిజైన్‌లాగా ఉంటాయి. డిజైన్‌ని చూసి వాడకం ఎలా చెప్తాం.

గోదారోడు
ఆరా పాసిస్ మీద ఉన్నవి కాడ లేనివండీ, అది గమనించండి. అంటే శిల్పులకి తేడా బాగానే తెలుసు, ఎక్కడ ఏది పెట్టాలో తెలిసే పెట్టారు.

ఇంకో ఆధారం చెప్తా, ఇది నాకు చాలా ఇష్టం. క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో అనే రోమన్ పెద్దమనిషి వ్యవసాయం మీద రాసిన పుస్తకం ఉంది. అందులో విత్తనాలకి ముందు జూపిటర్‌కి రైతు చేసే నైవేద్యం ఉంటుంది. బేరిచెట్టు పూత పూసినప్పుడు ఎద్దుల కోసం చెయ్యాలి, ఆ రోజు ఎద్దులకీ పాలేర్లకీ సెలవు. ఆహారం అర్పించాక మధ్యలో ఏం చెప్తాడో చూడండి: చేతులు కడుక్కో, ఆ తర్వాత వైన్ తీసుకో, జూపిటర్‌కి ఇలా చెప్పి అర్పించు. అంటే చేతులు కడుక్కోవడం పూజ బయట పని కాదు, పూజ నడిమధ్యలో పని. మనం ఆచమనం చేస్తాం, అభిషేకానికి కూర్చునే ముందు చేతులు కడుగుతాం, ఆ నీళ్ల గిన్నె పూజ సామాన్లో భాగం కాదంటారా? కూజా, కాడ గిన్నె బలిపీఠం మీద ఎందుకున్నాయో అలా చూస్తే అర్థమవుతుంది.

ఇంకోటి, ఆ నైవేద్యం అయిపోయాక ఏం విత్తమంటాడంటే వరిగలు, కొర్రలు, వెల్లుల్లి, మసూర్. కొర్రలు! మా అమ్మమ్మ ఊళ్లో ఏరువాక పున్నమికి ఎద్దుల్ని కడిగి కొమ్ములకి రంగులేసి దుక్కికి పోయేవాళ్లు, నాకు అదంతా కళ్ల ముందు తిరిగింది చదువుతుంటే.

హైదరాబాదీ_వినయ్
ఓకే, కేటో సంగతి నాకు తెలీదు. ఇది నా వాదనకి వ్యతిరేకం కాదు, కానీ "పూజకి సంబంధం లేదు" అన్నట్టు నేను రాసింది తప్పు, ఒప్పుకుంటున్నా. అయితే బాత్ గిన్నెలు వేరే కదా? వాటితో కూజాలు జంటగా లేవు, అక్కడ పొట్టేలు తలలు కూడా లేవు. చదును కాడవి. అవి ఏంటి మరి?

సరితక్క
నేను చెప్పనా. నాకు సైనికుల సామాను మీద ఇంట్రస్ట్. చదును కాడ, చివర గుండ్రటి చిల్లు, తగిలించుకోవడానికి. వాటిని ట్రుల్లా అంటారు. రోమ్‌లో ట్రాజన్ స్తంభం మీద, అది క్రీ.శ. 113 నాటిది, నడిచి వెళ్తున్న సైనికుల భుజం మీద కర్ర, కర్రకి మూట, సంచి, వాటితో పాటు సరిగ్గా ఈ గిన్నె వేలాడుతుంటుంది. వైన్ ముంచుకోవడం, తాగడం, కాచుకోవడం, అన్నిటికీ అదే.

ఇటలీలో కాంపానియా ప్రాంతం, కాపువా ఊరి చుట్టుపక్కల ఇవి లెక్కలేనన్ని తయారయ్యేవి, పైన గోదారోడు చెప్పిన కేటో కూడా కంచు సామాను కాపువాలో కొనమనే రాశాడు. కాడ మీద తయారుచేసినవాడి ముద్ర ఉంటుంది. పబ్లియస్ కిపియస్ పోలీబియస్ అనే ఒక్క పేరు ముద్ర పాంపేలోనూ ఉంది, స్కాట్లండ్‌లోనూ దొరికింది. ఒక్క కార్ఖానా పేరు అంత దూరం!

కాబట్టి నా జవాబు ఏంటంటే గిన్నె పుట్టినప్పుడు పూజ గిన్నె కాదు. ఎవరో దాన్ని దేవతకి ఇచ్చారు, ఇచ్చిన క్షణం నుంచి అది పూజ గిన్నె. కృష్ణవేణీ, మీరు చూసినవాటిలో కొన్నింటి మీద దేవత పేరు ఉండాలి, చూశారా?

కృష్ణవేణి_బ్రిస్టల్
అవును సరితక్కా! డి, ఎస్, ఎం అని మూడే అక్షరాలు. దేయె సూలి మినర్వే, అంటే సూలిస్ మినర్వా దేవికి అని. ఫొటో తీశా గానీ అద్దం మీద లైటు పడి సరిగ్గా రాలేదు. సూలిస్ అనేది రోమన్లు రాక ముందు నుంచీ అక్కడ ఉన్న ఊరి దేవతట, వాళ్లొచ్చి మా మినర్వా, మీ సూలిస్ ఒకరే అని కలిపేశారు. అత్తయ్యగారికి ఇది అస్సలు వింతగా అనిపించలేదు.

చిట్టిబాబు_రాజోలు
ఆ బుగ్గ గురించి కూడా ఒక ముక్క చెప్పండి ఎవరైనా, గిన్నెలు నీళ్లలో ఎందుకున్నాయి? ఎవరైనా దొంగతనం చేసి దాచారా?

సరితక్క
దాచలేదు తమ్ముడూ, వేశారు. ఆ బుగ్గలో నీళ్లు 46 డిగ్రీల వేడితో రోజుకి పది లక్షల లీటర్లకి పైగా ఇప్పటికీ ఉబికి వస్తాయి. అది దేవత ఉండే చోటని నమ్మకం. 1979, 80లో ఆర్కియాలజిస్ట్ బారీ కన్‌లిఫ్ టీం తవ్వినప్పుడు 12 వేలకి పైగా నాణేలు, గిన్నెలు, ఇంకా సీసం రేకులు దాదాపు 130 బయటపడ్డాయి. ఆ రేకుల మీద జనం దేవతకి రాసుకున్న ఫిర్యాదులు. డోకిమెడిస్ అనే అతని చేతి తొడుగులు రెండు పోయాయి, తీసుకున్నవాడి బుద్ధీ కళ్లూ పోవాలని రాసి, చుట్ట చుట్టి నీళ్లలో వేశాడు. మన ఊళ్లలో అమ్మవారి గుళ్లో మొరపెట్టుకున్నట్టే, నీకే వదిలేస్తున్నా తల్లీ అని.

గిన్నెల సంగతి నాకు అనిపించేది ఇది. గుళ్లో వాటితో ఆ వేడినీళ్లు ముంచి పోసేవాళ్లు, ఇచ్చేవాళ్లు. దేవత పేరు పడ్డ గిన్నె అరిగిపోయినా పాత సామాను కింద అమ్మలేరు, ఇంటికి తీసుకెళ్లలేరు. అది ఆవిడది. ఆవిడ నీళ్లలోకే వెళ్లాలి. కొందరు భక్తులు నేరుగా మొక్కు కింద వేసినవి కూడా ఉండొచ్చు.

హైదరాబాదీ_వినయ్
పేరు ఉన్నంత మాత్రాన ప్రతి గిన్నె మొక్కుది కాదు, అది కూడా గుర్తుపెట్టుకోవాలి. 2003లో స్టాఫర్డ్‌షైర్‌లో మెటల్ డిటెక్టర్ వాళ్లకి ఒక కంచు గిన్నె దొరికింది, క్రీ.శ. 2వ శతాబ్దం, కాడ పోయింది, అడుగూ పోయింది. చుట్టూ నీలం, ఎరుపు, పచ్చ ఎనామిల్‌తో సుడులు సుడులుగా పని, అంచు కింద హేడ్రియన్ గోడ మీది నాలుగు కోటల పేర్లు, డ్రాకో అనే మనిషి పేరు. అది గోడ దగ్గర ఉద్యోగం చేసినవాడి జ్ఞాపకం గిన్నె అనుకుంటున్నారు. ఆకారం మాత్రం ఇదే, పేరు మాత్రం మళ్లీ పటెరా, ట్రుల్లా, పాన్ ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టారు.

సరితక్క
ఒప్పుకుంటా వినయ్. అందుకే ఎక్కడ దొరికింది అనేదే ముఖ్యం, ఒట్టి ఆకారం చూసి చెప్పలేం. పొలంలో దొరికితే ఒకటి, బుగ్గలో దొరికితే ఒకటి.

నల్లగొండ_నర్సింహ
అన్నలు అక్కలు, ఇంతసేపు చదువుకుంట వచ్చిన, ఒక మాట చెప్త. నాకు నాణేలంటే పిచ్చి. మా నల్లగొండ జిల్లాల అక్కనపల్లి దగ్గర రోమన్ వెండి నాణేల నిధి దొరికింది, అగస్టస్, టిబేరియస్ అనే చక్రవర్తులవి. మన దేశంల ఎక్కడ తవ్వినా రోమన్ వెండి దొరికితే ఎక్కువ రెండే రకాలు ఉంటయి. అండ్ల ఒకటి అగస్టస్ తన మనవళ్లు గయస్, లూషియస్ బొమ్మలేసి కొట్టించింది, ఫ్రాన్స్‌ల లియోన్ ఊళ్లె, అప్పుడు దాని పేరు లుగ్డునం, క్రీ.పూ. 2 నుంచి కొట్టిన్రు. ఇద్దరు పోరగాండ్లు నిలబడి ఉంటరు, నడుమ రెండు డాళ్లు, రెండు ఈటెలు. గా ఈటెల మీద చూడుర్రి, ఒక వంకర కర్ర ఉంటది, దాని పక్కపొంటి ఒక చిన్న గరిటె ఉంటది. చానామంది దాన్ని పట్టించుకోరు.

గా గరిటె పేరు సింపులం. పీపాలకెళ్లి వైన్ ముంచి పటెరాల పోసేది గదే. చిన్న లోతు గిన్నె, దానికి నిలువుగ పొడుగు కాడ. గయస్ పూజారి పదవిల ఉండె గాబట్టి ఆయన గుర్తు గరిటె, లూషియస్ శకునాలు చూసే పదవిల ఉండె గాబట్టి వంకర కర్ర. కృష్ణవేణక్కా, మీ అత్తమ్మ ఉద్ధరిణి అన్నట్టు ఏమన్న అడిగిందా? అడిగితే చెప్పు, ఉద్ధరిణికి దగ్గరిది పటెరా కాదు, సింపులం. మరి అది మా జిల్లాల నేలకెళ్లి దొరికిన నాణెం రకం మీదనే ఉన్నది. ఇరవై ఏండ్ల సంది భూతద్దంల చూస్తున్న, చూసినప్పుడల్లా ఒకటే ఆలోచన, రెండు వేల ఏండ్ల కింద ఇక్కడ ఒకరు గీ నాణెం చేతుల తిప్పి, అరె ఇది మన గుళ్లె చెంచా లెక్క ఉన్నదే అనుకున్నరేమో అని.

మాస్టారు_శ్రీకాకుళం
నరసింహ నాయనా, ఎంత బాగా చూశావు! భూతద్దంలో చూసి ఇంత చెప్పినవాళ్లు తక్కువ.

గోదారోడు
నర్సింహ అన్నా, ఇది నిజంగా ఈ థ్రెడ్‌కే హైలైట్. నిలువు కాడ పాయింట్ కూడా కరెక్టే, లోతైన పీపాలోంచి ముంచాలంటే కాడ నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే అంచుకి తగులుతుంది.

దీనికి జత ఇంకోటి కలుపుతా. కొల్హాపూర్ పక్కన పంచగంగ ఒడ్డున బ్రహ్మపురి దిబ్బ, 1944, 45లో తవ్వారు. శాతవాహనుల కాలం నాటి ఊరు. అక్కడ కంచు సామాన్ల కుప్పలో గ్రీకు సముద్ర దేవుడు పొసైడన్ చిన్న విగ్రహం, దాంతో పాటు రోమన్ కంచు కూజా దొరికాయి. మనం పైన పోట్లాడుకుంటున్నామే కూజా, కాడ గిన్నె జంట అని, ఆ కూజా జాతిది దక్కన్ దాకా వచ్చిందన్నమాట.

వేదవతి_తెనాలి
చూశారా, నేను మొదట అన్నది తిరగేసి నిజమైంది, మన పాత్ర అటు వెళ్లలేదు గానీ వాళ్ల పాత్ర ఇటొచ్చింది.

చిట్టిబాబు_రాజోలు
ఆ ధార ఎక్కడ పోసేవాళ్లు? నేల మీదా, విగ్రహం మీదా? మనం అభిషేకం చేస్తాం కదా అలాగేనా?

గోదారోడు
మంచి ప్రశ్న చిట్టిబాబూ, ఇక్కడే మనకీ వాళ్లకీ తేడా. వాళ్లు మామూలుగా నిప్పులో పోసేవాళ్లు. బలికి ముందు చిన్న నిప్పుల కుంపటి పెట్టి అందులో సాంబ్రాణి వేసి వైన్ ధార పోస్తారు, దేవతల్ని పిలవడం అది. యజమాని తల కప్పుకుని ఉంటాడు. పక్కనే ఒకడు వేణువు లాంటి జంట గొట్టాలు ఊదుతూనే ఉంటాడు, ఎందుకంటే ఆ సమయంలో చెడు మాట, చెడు శకునం చెవిన పడకూడదు. మన పెళ్లిలో తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఎందుకంటారు? ఎవరూ తుమ్మినా వినపడకూడదనే కదా మా ఇంట్లో చెప్పేవాళ్లు. తర్వాత పశువు నెత్తిన ఉప్పు కలిపిన పిండి చల్లుతారు, ఆ పిండిని వెస్టా గుడి కన్యలు తయారుచేస్తారు, కొమ్ముల మధ్య వైన్ పోస్తారు. ఇంట్లో అయితే ఇంత ఆర్భాటం లేదు, భోజనం మధ్యలో ఇంటిదేవతల వాటా తీసి నిప్పులో వేస్తారు.

కంచరింటి_అబ్బాయి
నేను ఇవాళ ఒక పని చేశా. ఇంట్లో రెండు పెట్టుకుని నీళ్లు పోసి చూశా. ఒకటి అంచు నిలువుగా ఉండే పళ్లెం, ఇంకోటి మా తాత చేసిన కంచు తట్ట, అంచు దాకా మెల్లగా వంపు తిరిగి ఉంటుంది. పళ్లెం వంచితే నీళ్లు ఒక్కసారిగా గుబుక్కున పడ్డాయి, మూల నుంచి కారి మోచేతి దాకా తడిసింది. తట్ట మాత్రం అరచేతిలో పెట్టుకుని మణికట్టు కాస్త తిప్పితే చాలు, అంచు నుంచి పల్చని ధార ఆగకుండా వచ్చింది, ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగింది, ఒక్క చుక్క కింద అంటుకోలేదు. గోదారోడు గారు చెప్పిన బొడ్డు గుంట దీనికి లేదు, ఉండుంటే వేళ్లు జారేవి కావు, అదొక్కటే లోటు తెలిసింది. కాడ గిన్నెతో ఈ ధార రాదు, దాన్ని పక్కకి తిప్పాలి, మణికట్టు మీద బరువు పడుతుంది. చేత్తో చేసేవాళ్లు ఎవరైనా ఈ తేడా చెప్పగలరు. ధారకి కాడ లేనిదే సరి, పట్టుకుని నిలబడటానికీ ముంచడానికీ కాడది సరి.

హైదరాబాదీ_వినయ్
అన్నా, ఇన్ని రోజులుగా చదివినవాటి కంటే ఇది నాకు ఎక్కువ అర్థమైంది. వీలైతే వీడియో పెట్టు.

కృష్ణవేణి_బ్రిస్టల్
ఇవాళ మొత్తం థ్రెడ్ అత్తయ్యగారికి చదివా, వంట మధ్యలో ఆపి ఆపి విన్నారు. నర్సింహ గారి నాణెం దగ్గర "ఆ అబ్బాయిని చల్లగా ఉండమను" అన్నారు. చివరికి ఆవిడ ఒక మాటన్నారు, ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నా. మనం ఎవరికైనా గిన్నె పెడితే దాని మీద పేరు కొట్టిస్తాం కదా, ఫలానా వారి పెళ్లికి ఫలానా వారు అని. ఆవిడ పెళ్లి బిందె మీద వాళ్ల పెద్దమ్మ పేరు ఇప్పటికీ ఉంది. "ఆ గిన్నెల మీద ఇచ్చినవాళ్ల పేరు కూడా ఉందా" అని అడిగారు. నేను ఫొటోలు మళ్లీ పెద్దవి చేసి చూశా, ఆ మూడక్షరాలున్న గిన్నె మీద అమ్మవారి పేరే కనబడుతోంది, ఇంకేమీ లేదు. ఆవిడ కాసేపు ఊరుకుని "మళ్లీ ఎప్పుడెళ్దాం" అన్నారు. వచ్చే శనివారం వెళ్తున్నాం, ఈసారి లైటు పడకుండా పక్క నుంచి ఫొటోలు తీసి ఇక్కడే పెడతా. కాడ వెనక్కి కూడా చూస్తాం, పోలీబియస్ లాంటి ముద్ర ఏమైనా ఉందేమో.